కొత్త టెక్నాలజీ వచ్చిందంట: నేర్చుకోవాలా, పనిలో పెట్టాలా, పక్కన పెట్టాలా?

పెద్ద కంపెనీల్లో ఏ టెక్నాలజీ వాడాలో తేల్చడానికి ఆర్కిటెక్ట్ అని ఒకాయన ఉంటాడు. తేడా వస్తే సర్దడానికి టీమ్ ఉంటుంది. నెల్లూరులోనో ఒంగోలులోనో కూర్చుని ముత్తుకూరులో ఫీడ్ షాపుకో, చీమకుర్తిలో గ్రానైట్ యార్డుకో, కావలిలో నర్సింగ్ హోమ్‌కో సాఫ్ట్‌వేర్ చేసిపెట్టే ఇద్దరు ముగ్గురి టీమ్‌కు అదేమీ లేదు. ఎంచుకునేదీ మీరే, రాసేదీ మీరే, రాత్రి పదకొండుకు ఫోన్ మోగితే ఎత్తేదీ మీరే. ఈ పద్ధతి ముందుగా మీకోసం. హైదరాబాద్ కంపెనీకి ఇంటి నుంచి పనిచేసేవాళ్ళకూ, బీటెక్ ఆఖరి ఏడాదిలో ఏ కోర్సులో చేరాలో తేలక తిరిగే వాళ్ళకూ చివర్లో కొంత ఉంది.

1. ప్రశ్నను విడదీయండి

"ఫలానా ఫ్రేమ్‌వర్క్ మంచిదేనా అన్నా?" అని ఎవరైనా అడిగితే (ఫ్రేమ్‌వర్క్ అంటే సాఫ్ట్‌వేర్ కట్టుకోవడానికి ముందే సిద్ధంగా ఉండే చట్రం) వెంటనే జవాబు చెప్పకండి. అందులో మూడు ప్రశ్నలు కలిసిపోయి ఉంటాయి. దాని గురించి తెలుసుకోవాలా? కూర్చుని నేర్చుకోవాలా? డబ్బులిచ్చే క్లయింట్ పనిలో పెట్టాలా? మొదటిదానికి అరగంట చాలు. రెండోదానికి కొన్ని వారాల సాయంత్రాలు పోతాయి. మూడోది పెట్టిన రోజుతో అయిపోదు, ఆ సాఫ్ట్‌వేర్ నడిచినన్నాళ్ళూ మన మెడకే ఉంటుంది. చాలామంది శనివారం వీడియో చూసి సోమవారం క్లయింట్ ప్రాజెక్టులో ఇన్‌స్టాల్ చేసేస్తారు. ఇంకొంతమంది పనిలో పెట్టే వీల్లేదు కదా అని నేర్చుకోవడమే మానేస్తారు. రెండూ తప్పే.

కాబట్టి మొదట ఫోన్ నోట్స్‌లో ఒక లిస్టు పెట్టుకోండి. కొత్త పేరు వినగానే అందులో రాసి వదిలేయండి. మూడు నెలలకోసారి తెరిస్తే సగం పేర్లు ఎందుకు రాశామో మనకే గుర్తుండదు. వాటిని కొట్టేయండి. మిగిలినవాటికి తలా అరగంట ఇవ్వండి, అదీ వీడియోలకు కాదు, అధికారిక డాక్యుమెంటేషన్‌కు. దీన్ని ఎక్కడ వాడకూడదో చెప్పే పేజీ ఉంటే ముందు అదే చదవండి. అలాంటి పేజీ రాసుకున్న ప్రాజెక్టు మీద నాకు నమ్మకం ఎక్కువ.

బయటి లోకం ఎటు పోతోందో తెలియాలంటే రోజూ పడిగాపులు కాయనక్కర్లేదు. థాట్‌వర్క్స్ సంస్థ 2010 నుంచి టెక్నాలజీ రాడార్ అని, ఏ టెక్నాలజీ పట్టుకోవచ్చో ఏది ఆగి చూడాలో చెప్పే జాబితా విడుదల చేస్తోంది, ఏడాదికి రెండుసార్లు వస్తుంది. ప్రోగ్రామర్లు సందేహాలు అడిగే స్టాక్ ఓవర్‌ఫ్లో సైట్ 2011 నుంచి ఏటా డెవలపర్ల సర్వే చేస్తోంది. ఆ సర్వేలో "నేర్చుకోవాలని ఉంది" అన్నవాళ్ళ లెక్క కంటే "వాడాం, ఇంకా వాడతాం" అన్నవాళ్ళ లెక్క చూడండి. పెళ్ళిచూపుల మాట కాదు, కాపురం చేసినవాళ్ళ మాట కావాలి మనకు.

2. టూల్ పేరు రాకుండా సమస్య రాయండి

ఒక ఉదాహరణ పట్టుకుందాం. రొయ్యల ఫీడ్ అమ్మే డీలర్ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అడిగాడు. రైతులు సీజన్ మొదట్లో బస్తాలు అప్పు మీద పట్టుకెళ్తారు, పట్టుబడి అయ్యాక, అంటే చెరువులో రొయ్యలు పట్టి అమ్మాక, లెక్క తేలుస్తారు. రొయ్యల ధర కౌంట్‌ను బట్టి ఉంటుంది, అంటే కిలోకు ఎన్ని తూగుతాయన్నదాన్ని బట్టి, రోజురోజుకూ మారుతుంది. షాపులో నెట్ వస్తూ పోతూ ఉంటుంది. కౌంటర్ మీద ఉన్నది విండోస్ 7 కంప్యూటర్. పక్కనే ఒక చిన్న థర్మల్ ప్రింటర్.

ఇక్కడ మీరు "రియాక్ట్‌లో చేద్దాం, క్లౌడ్‌లో పెడదాం" అని మొదలుపెడితే డీలర్ ఒక్క మాట అంటాడు: "అది సరే అబ్బయా, నెట్ పోతే బిల్లు రాదంటే ఎట్టా?" అసలు సమస్య ఆ వాక్యంలోనే ఉంది. దాన్నే కాగితం మీద పెట్టండి: నెట్ లేకపోయినా బిల్లు ఆగకూడదు, నెట్ వచ్చాక లెక్కలు ఇంట్లో ఉన్న ఓనర్ ఫోన్‌కు చేరాలి, రైతు పేరు తెలుగులో పడాలి, పాత కంప్యూటర్ మార్చరు.

ఈ నాలుగు వాక్యాలే సగం టెక్నాలజీలను కొట్టేస్తాయి. క్రోమ్ 109 తర్వాతి వెర్షన్లు విండోస్ 7 మీద పనిచేయవు. డెస్క్‌టాప్ యాప్‌లకు వాడే ఎలక్ట్రాన్ కూడా 2023లో 23వ వెర్షన్‌తో విండోస్ 7ను వదిలేసింది. మరి బ్రౌజర్‌లోనే డేటా దాచుకుందామా అంటే, కౌంటర్ దగ్గర కుర్రాడు హిస్టరీతో పాటు సైట్ డేటా కూడా క్లియర్ కొట్టాడంటే సింక్ కాని, అంటే సర్వర్‌కు ఇంకా చేరని, బిల్లులన్నీ పోయినట్టే. ఇలా ఒక్కొక్కటీ రాలిపోగా మిగిలేవి కొద్ది. వాటిలో ఎస్‌క్యూలైట్ ఒకటి, నెట్‌తో పని లేకుండా కంప్యూటర్‌లోనే ఒక ఫైలుగా ఉండే డేటాబేస్. 2000లో వచ్చింది, ప్రతి ఆండ్రాయిడ్ ఫోన్‌లోనూ ఐఫోన్‌లోనూ ఉంటుంది, 2050 దాకా సపోర్ట్ ఇవ్వాలన్నదే మా ఉద్దేశం అని దాన్ని తయారుచేసినవాళ్ళు రాసి పెట్టారు. దాని గురించి స్టేటస్ పెట్టుకోవడానికి ఏమీ ఉండదు. ఫీడ్ డీలర్‌కు మాత్రం సరిగ్గా సరిపోతుంది.

విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2020 జనవరిలోనే ఆగిపోయింది కాబట్టి కంప్యూటర్ మార్చమని డీలర్‌కు చెప్పడం మీ బాధ్యత. ఆ మాట కొటేషన్‌లోనే రాయండి. కానీ ఆయన మారుస్తాడన్న నమ్మకం మీద డిజైన్ చేయకండి.

3. దాని జాతకం చూడండి

మిగిలిన ఒకటి రెండు పేర్ల చరిత్ర తిరగేయండి. మొదట ఎప్పుడు వచ్చింది, వెనక ఎవరున్నారు, అన్నిటికంటే ముఖ్యంగా వెర్షన్ మారినప్పుడు పాతవాళ్ళను ఏం చేసింది?

పెద్ద కంపెనీ వెనక ఉంటే భయం లేదన్న మాట నమ్మకండి. గూగుల్ 2010లో తెచ్చిన యాంగ్యులర్‌జేఎస్ అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్‌తో ఎన్నో ప్రాజెక్టులు కట్టారు. 2016లో వచ్చిన యాంగ్యులర్ 2 పేరుకే దానికి కొనసాగింపు, పాత కోడ్ అందులో నడవదు, చాలావరకు తిరగరాయాల్సిందే. పాతదానికి సపోర్ట్ 2021 డిసెంబర్ 31తో ఆగింది. పార్స్ అనే మొబైల్ బ్యాకెండ్ సర్వీసును ఫేస్‌బుక్ 2013లో కొనింది, 2016 జనవరిలో మూసేస్తున్నామని చెప్పి ఏడాది గడువిచ్చింది. సర్వర్ కోడ్ ఓపెన్ సోర్స్ చేశారు, అంటే ఎవరైనా తీసుకుని నడుపుకునేలా బయటపెట్టారు, కాబట్టి కొంత నయం. మొబైల్ యాప్‌లు కట్టే జామరిన్‌కు మైక్రోసాఫ్ట్ 2024 మే 1న ముగింపు పలికింది. వీటిలో ఏదీ చిన్నాచితకా కంపెనీది కాదు.

ఇటు పైథాన్ భాష చూడండి. పైథాన్ 3 వచ్చింది 2008 డిసెంబర్‌లో, పైథాన్ 2కు చివరి రోజు 2020 జనవరి 1. మారడం అందరికీ నొప్పే, కానీ పదకొండేళ్ళు టైమిచ్చారు. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ అయితే ప్రతి పెద్ద వెర్షన్‌కూ అయిదేళ్ళు సపోర్ట్ అని ముందే తేదీలు ప్రకటిస్తుంది. మీరు చూడాల్సింది ఈ మర్యాదనే.

లైసెన్స్ కూడా ఒక కంట కనిపెట్టండి. సర్వర్లు ఏర్పాటు చేసే టెర్రాఫార్మ్ 2023 ఆగస్టులో, డేటాను మెమరీలో దాచే రెడిస్ 2024 మార్చిలో షరతులు బిగిస్తూ లైసెన్స్ మార్చాయి. దాంతో ఓపెన్‌టోఫు, వాల్కీ అని వేరు కుంపట్లు పుట్టాయి. ఫీడ్ షాపు సాఫ్ట్‌వేర్‌కు దీనివల్ల వచ్చే ముప్పు తక్కువే, కానీ మీరు దాన్ని సర్వీసుగా అమ్మే ఆలోచనలో ఉంటే చదవక తప్పదు.

ప్రాజెక్టుల కోడ్ ఉండే గిట్‌హబ్ సైట్‌లో స్టార్లు చూసి మురిసిపోవద్దు. స్టార్ నొక్కడానికి వాడి ఉండాల్సిన పని లేదు. దాని బదులు వాడేవాళ్ళు సమస్యలు రాసే ఇష్యూల పేజీకి వెళ్ళి మీ సమస్యకు దగ్గరగా ఉన్న ఇష్యూ వెతకండి. దానికి జవాబిచ్చింది ఎవరు, ఎన్నాళ్ళకు? అన్ని జవాబులూ ఒక్కడే ఇస్తున్నాడా? 2024 మార్చిలో బయటపడిన ఎక్స్‌జెడ్ వ్యవహారం గుర్తుందా? లైనక్స్ సిస్టమ్‌లలో ఉండే ఆ కంప్రెషన్ లైబ్రరీని ఏళ్ళ తరబడి ఒకే మనిషి చూసుకుంటూ వచ్చాడు. సాయం చేస్తానని వచ్చినవాడు మెల్లగా నమ్మకం సంపాదించి దొంగ దారి పెట్టాడు. లాగిన్ అవడానికి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని ఒక ఇంజనీర్ తవ్వబట్టి బయటపడింది. ఎవరు నడుపుతున్నారో చూడకుండా లైబ్రరీ తెచ్చుకోవద్దనడానికి ఇంతకంటే ఉదాహరణ ఏం కావాలి.

4. కష్టమైన చోటే ముందు పట్టుకోండి

ట్యుటోరియల్‌లో ఉండే టు-డూ యాప్ కట్టి చూస్తే అన్ని టెక్నాలజీలూ బ్రహ్మాండంగానే ఉంటాయి. మీ పనిలో ఎక్కడ చిక్కు పడుతుందో దాన్నే మొదటి రోజు చేసి చూడండి. మన దగ్గర ఆ చిక్కు చాలాసార్లు తెలుగే.

"లక్ష్మీకాంతమ్మ", "వెంకటేశ్వర్లు" అన్న రెండు పేర్లతో ఒక బిల్లు పీడీఎఫ్ తీయండి. జావాస్క్రిప్ట్ పీడీఎఫ్ లైబ్రరీల్లో కొన్నిటికి ఒత్తులు కలపడం రాదు. ఫాంట్ పెట్టినా అక్షరాలు విడివిడిగా వరుసలో పడతాయి, లక్ష్మి కాస్తా క, ష, మ కింద పొల్లులతో విడిపోతుంది. అక్షరాలను కలిపి సరైన రూపంలోకి తెచ్చే పని హార్ఫ్‌బజ్ లాంటి ఇంజిన్ చేయాలి. క్రోమ్‌లో అది ఉంటుంది కాబట్టి అదే బిల్లును వెబ్ పేజీగా చేసి బ్రౌజర్ ద్వారా పీడీఎఫ్ చేస్తే చక్కగా వస్తుంది. తర్వాత థర్మల్ ప్రింటర్. చవక ప్రింటర్లలో తెలుగు అక్షరాలు ఉండవు. టెక్స్ట్ పంపితే పిచ్చి గుర్తులు పడతాయి, బిల్లును బొమ్మగా మార్చి పంపాలి. మీరు ఎంచుకున్న లైబ్రరీ బొమ్మ పంపగలదా, పంపితే ఒక్కో బిల్లుకు ఎంతసేపు పడుతుంది? కౌంటర్ దగ్గర పదిమంది నిలబడి ఉంటే మూడు సెకన్లు కూడా ఎక్కువే.

ఇంకోటి చాలామందికి తట్టదు: సెర్చ్. తెలుగు టైపింగ్‌లో కంటికి కనపడని జోడింపు గుర్తులు దూరుతుంటాయి. తెరమీద అచ్చం ఒకేలా ఉన్న రెండు పేర్లు డేటాబేస్‌కు వేరువేరు. ఒకే రైతుకు రెండు ఖాతాలు తెరుచుకుంటాయి, అప్పు ఒకదాంట్లో, జమ ఇంకోదాంట్లో. పట్టుబడి రోజున గొడవ అవుతుంది. పాత డేటా డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లలో కొట్టించినదైతే అది యూనికోడే (అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షరాల పద్ధతి) కాదు, దాన్ని మార్చడానికి వేరే పని పెట్టుకోవాలి.

ఈ ట్రయల్‌కు ముందే గడువు పెట్టుకోండి, వారం అనుకుంటే వారమే. ఏం జరిగితే వదిలేస్తామో కూడా ముందే రాసుకోండి. లేకపోతే కష్టపడి కట్టిన మమకారంతో "ఇంకో రెండు రోజులు చూద్దాం" అంటూ నెల గడిపేస్తారు.

ట్రయల్ గెలిచినా అంతా ఒకేసారి మార్చవద్దు. ఇది మన జిల్లా రొయ్యల రైతులకు తెలిసిన విద్యే. తొంభైల మధ్యలో తెల్లమచ్చ తెగులు టైగర్ రొయ్యను దెబ్బకొట్టింది. 2009లో వెనామీ అనే విదేశీ రొయ్య రకానికి అనుమతి వచ్చింది. తెలివైన రైతు ఉన్న చెరువులన్నీ ఒక్క పంటకే దానికి మార్చలేదు, ఒక చెరువులో వేసి పట్టుబడి దాకా చూశాడు. పైగా తెల్లమచ్చ వెనామీకీ వస్తుంది, కొత్త రకం తెచ్చినంత మాత్రాన పాత తెగులు పోలేదు. మీరూ ముందు ఒక షాపులో, అందులోనూ ఒక్క రిపోర్టుకో ఒక్క స్క్రీన్‌కో పెట్టండి. ఒక సీజన్ లెక్కలు పూర్తయ్యాక మిగతాది.

5. తీసేయాలంటే ఎంత ఖర్చు?

పెట్టేటప్పుడే తీసే లెక్క వేయండి. బటన్లు, చార్టులు, తేదీలు చూపించే లైబ్రరీలు మార్చడం తేలిక, వాటిలో కొంచెం సరదా తీర్చుకోవచ్చు. డేటాబేస్, లాగిన్, మొత్తం కోడ్ రాసే భాష మార్చడం ప్రాణం మీదకు వస్తుంది. అక్కడ పిసినారిగా ఉండండి. ఏ సర్వీసు అయినా డేటాను మామూలు సీఎస్‌వీ (ఎక్సెల్‌లో తెరుచుకునే పట్టిక) లేదా ఎస్‌క్యూఎల్ (డేటాబేస్ భాష) రూపంలో బయటికి ఇస్తుందో లేదో మొదటి వారంలోనే ఎక్స్‌పోర్ట్ కొట్టి చూడండి. బటన్ ఉండడం వేరు, దాంతో వచ్చిన ఫైలును ఇంకోచోట ఎక్కించగలగడం వేరు.

6. మీ తర్వాత ఎవరు మోస్తారు?

నా వరకు అసలు తీర్పు ఇక్కడే. రస్ట్ భాషలో రాస్తే సర్వర్ వేగంగా ఉంటుంది, నిజమే. కానీ మీ టీమ్‌లో రస్ట్ వచ్చిన ఒక్క అబ్బాయి రేపు బెంగళూరు ఆఫర్ వచ్చి వెళ్ళిపోతే? ఇక్కడి కాలేజీల నుంచి వచ్చే పిల్లలకు జావా, పైథాన్, జావాస్క్రిప్ట్ అంతో ఇంతో వచ్చి ఉంటాయి. వాళ్ళు రెండు వారాల్లో అందుకోగలిగినదైతే మీకు ఆదివారం అనేది ఒకటి మిగులుతుంది. వెబ్‌సైట్లు రాసే పీహెచ్‌పీ భాషను చూసి నవ్వేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. 1995 నుంచి ఉంది, ఏ చవక హోస్టింగ్‌లోనైనా నడుస్తుంది, రిపేరుకు మనిషి దొరుకుతాడు. నర్సింగ్ హోమ్ వెబ్‌సైట్‌కు అంతకంటే ఏం కావాలి?

డబ్బు కూడా ఇందులో భాగమే. క్లౌడ్ ధరలు చాలావరకు డాలర్ లెక్కన కడతారు, మీకు క్లయింట్ ఇచ్చేది ఏడాదికోసారి, రూపాయల్లో, అదీ గుర్తుచేస్తే. ఎన్నో సర్వర్ల మీద కంటైనర్లను (ఒక్కో ప్రోగ్రామ్‌ను విడిగా పెట్టి నడిపే డబ్బాలను) చూసుకునే కుబర్నెటిస్‌ను గూగుల్ 2014లో బయటికి తెచ్చింది కోట్ల కంటైనర్లు నడిపిన అనుభవంతో. ఒక గ్రానైట్ యార్డు స్టాకు లెక్కకు అది పెడితే యార్డు కంటే వాచ్‌మన్ గది పెద్దదవుతుంది.

అలాగని ఎప్పుడూ పాతదే వాడమని కాదు. ఒక ప్రాజెక్టులో కొత్తది ఒక్కటే ఉండేట్టు చూసుకోండి. డేటాబేస్ కొత్తది, భాష కొత్తది, హోస్టింగ్ కొత్తది అయితే తప్పు ఎక్కడుందో వెతకడానికే రాత్రి చాలదు.

7. నేర్చుకోవడానికి లెక్క వేరే

ఇక్కడ చెయ్యి కొంచెం వదలండి. నేర్చుకున్నది పనిలో పెట్టాలని రూలేం లేదు. రస్ట్ నేర్చుకుంటే మెమరీ ఎలా పనిచేస్తుందో తెలుస్తుంది, అది మీ జావా కోడ్‌లోనూ కనిపిస్తుంది.

ఉద్యోగం కోసమైతే అమీర్‌పేట పాంప్లెట్‌ను బట్టి కోర్సు ఎంచుకోకండి. ఒకప్పుడు మెయిన్‌ఫ్రేమ్స్, తర్వాత టెస్టింగ్ టూల్స్, తర్వాత డేటా సైన్స్, ఇప్పుడు జెన్ ఏఐ. పాంప్లెట్ చెప్పేది ఏ కోర్సుకు జనం వస్తున్నారో, ఏ పనికి మనుషులు కావాలో కాదు. మీరు వెళ్ళదలుచుకున్న ఊర్లో, మీ అనుభవానికి సరిపోయే ఉద్యోగ ప్రకటనలు ఒక ముప్పై తెరిచి, ఏ పేరు ఎన్నిసార్లు వచ్చిందో గీతలు గీసుకుంటూ పోండి. ఒక సాయంత్రం పని. ఎస్‌క్యూఎల్, గిట్ (కోడ్‌లో చేసిన మార్పులు దాచే టూల్), లైనక్స్ ఎంత తరచుగా వస్తాయో చూస్తే ఆశ్చర్యపోతారు. ఎస్‌క్యూఎల్ పుట్టింది 1970లలో, గిట్ 2005లో. ఈ మూడూ రానివాడు ఏ ఫ్రేమ్‌వర్క్ పట్టినా ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే ఆగిపోతాడు.

2022 నవంబర్‌లో చాట్‌జీపీటీ వచ్చాక ఒక కొత్త సంగతి కలిసింది. ఏఐ సహాయకులు పాత, జనం బాగా వాడిన టెక్నాలజీల్లో కోడ్ బాగా రాస్తాయి, ఎందుకంటే వాటి శిక్షణలో అలాంటి కోడ్ కుప్పలుగా ఉంది. నిన్నమొన్న వచ్చిన లైబ్రరీ అడిగితే లేని ఫంక్షన్ పేర్లు ధీమాగా చెబుతాయి. అంటే కొత్తది ఎంచుకుంటే ఆ సాయం కూడా తగ్గుతుందని లెక్కలో వేసుకోవాలి. ఇందులో ఒక మెలిక ఉంది: ఏఐకి బాగా వచ్చినదే అందరూ వాడుతూ పోతే, మెరుగైన కొత్తది పైకి రావడం కష్టమవుతుంది. దానికి మందు ఏమిటో ఇంకా ఎవరూ తేల్చలేదు. ఇప్పటికైతే నేర్చుకునేటప్పుడు ఏఐ చెప్పిన ప్రతి ఫంక్షన్‌నూ డాక్యుమెంటేషన్‌లో ఒకసారి వెతికి చూసుకోండి.

8. కాగితం మీద పెట్టండి

నిర్ణయం అయ్యాక ఒక్క పేజీ రాసి కోడ్‌తో పాటే దాచండి. పెద్ద కంపెనీల్లో దీన్ని ఆర్కిటెక్చర్ డెసిషన్ రికార్డ్ అంటారు. మనకు ఈ మాత్రం చాలు:

సమస్య: నెట్ లేనప్పుడు కూడా బిల్లు ఆగకూడదు, తెలుగు పేర్లు సరిగ్గా ప్రింట్ కావాలి.
ఎంచుకున్నది: కౌంటర్ కంప్యూటర్‌లో ఎస్‌క్యూలైట్, నెట్ వచ్చినప్పుడు సర్వర్‌లోని పోస్ట్‌గ్రెస్‌కు సింక్. బిల్లు బొమ్మగా మార్చి ప్రింట్.
వద్దనుకున్నవి: పూర్తిగా క్లౌడ్ (నెట్ నమ్మలేం), బ్రౌజర్‌లోనే డేటా (క్లియర్ చేస్తే పోతుంది), కొత్త ఎలక్ట్రాన్ (విండోస్ 7).
తెలిసిన లోటు: రెండు కౌంటర్లు ఒకే రైతు ఖాతాను ఒకేసారి మారిస్తే ఎవరి లెక్క నిలుస్తుందో మనమే రాయాలి.
మళ్ళీ చూసేది: షాపు కంప్యూటర్ మారినప్పుడు, లేదా వచ్చే సీజన్ మొదలయ్యే ముందు.

"వద్దనుకున్నవి" అన్న వరుస మాత్రం ఎగ్గొట్టకండి. ఏడాది తర్వాత టీమ్‌లోకి వచ్చిన కొత్త అబ్బాయి మొదటి వారంలోనే "దీన్ని క్లౌడ్‌లో ఎందుకు పెట్టలేదన్నా?" అంటాడు. అప్పుడు ఈ పేజీ చేతికివ్వొచ్చు. దాన్ని చదివి, నెట్ ఇప్పుడు బాగుంది కదా అని అతను వాదిస్తే వినండి, కారణం నిజంగానే మారిపోయి ఉండొచ్చు.

పాతదాని స్థానంలో కొత్తది పెట్టినప్పుడు పేజీలో ఇంకో వరుస చేర్చాలి: పాతది తీసే తేదీ, ఆ పని ఎవరిదో పేరుతో సహా. రెండు ప్రింటింగ్ మాడ్యూళ్ళు పక్కపక్కనే ఉంటే ప్రతి మార్పూ రెండుసార్లు చేయాల్సి వస్తుంది. తేదీ దాటినా తీయలేకపోతే కారణం అదే పేజీలో కింద రాసి కొత్త తేదీ వేయండి.